ముద్రిక నుంచి వేలిముద్ర వరకు: గల్ఫ్ వలస కథనంలో అభిజ్ఞానం, నిరాకరణ

వ్యాససంగ్రహం

వీసా గడువు మీరి నివసించి, ఆ కారణంగా పంపివేతకు గురైన వలస కార్మికుడు మరోసారి అదే దేశపు సరిహద్దు దగ్గర నిలిచినప్పుడు అతని వేలిముద్రే అతనికి అడ్డమవుతుంది. గుర్తు చూపగానే నిరాకరణ తొలగిపోయే అభిజ్ఞాన కథలు మన సాహిత్యంలో ప్రసిద్ధం. ఈ కార్మికుని విషయంలో గుర్తుపట్టడమే నిరాకరణకు హేతువు. శకుంతల కథ భిన్న రూపాలను, గల్ఫ్ కార్మికుల వాడుక పదాలను, బెన్యామిన్ ‘ఆడుజీవితం’ నవలను కలిపి పరిశీలిస్తూ, తిరిగిరాకను కథకు ముగింపుగా తీసుకునే విమర్శదృష్టిని ఎందుకు సరిచూసుకోవాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అభిజ్ఞానం, ముద్ర, గడువు, ఖల్లివల్లి, క్షమాభిక్ష, గల్ఫ్ వలస సాహిత్యం.

ప్రవేశిక

గల్ఫ్ వలసను గురించిన పాటలను, కథలను చదివేటప్పుడు మన దృష్టి సాధారణంగా మూడు ఘట్టాలపై నిలుస్తుంది. మొదటిది ప్రయాణం: అప్పు, ఏజెంటు, విమానాశ్రయంలో వీడ్కోలు. రెండోది ఎడబాటు: ఇక్కడ భార్య ఎదురుచూపు, అక్కడ భర్త చాకిరీ. మూడోది తిరిగిరాక: ప్రాణాలతోనైనా, శవపేటికలోనైనా. వీటిలో మూడోది కథకు సహజమైన ముగింపుగా స్థిరపడింది. విరహానికి సమాగమం అవధి అన్న పాత అలంకారశాస్త్ర సంస్కారం ఇందుకు కొంత కారణం. జానపద గేయంలో ఎదురుచూసే స్త్రీ గొంతుకున్న బలం మరికొంత కారణం.

నాలుగో ఘట్టం ఒకటుంది. తిరిగివచ్చినవాడు మళ్లీ బయలుదేరుతాడు. పాత అప్పు తీరలేదు కనుక కొత్త అప్పు చేస్తాడు. కొత్త పాస్‌పోర్టు తీసుకుంటాడు, కొత్త వీసా తెచ్చుకుంటాడు. అక్కడి విమానాశ్రయంలో యంత్రం మీద వేలు పెట్టగానే పాత నమోదు బయటపడుతుంది. ఎప్పుడో గడువు మీరి ఉన్నాడని, పంపివేయబడ్డాడని తేలుతుంది. విమానాశ్రయం గడప దాటకుండానే మరో విమానంలో వెనక్కి వస్తాడు. ఈ ఘట్టంలో విరహం లేదు, సమాగమం లేదు. దీన్ని చదవడానికి విరహ పరిభాష చాలదు. దీనికి తగిన పరిభాష మన సంప్రదాయంలోనే ‘అభిజ్ఞానం’ అన్న భావనలో ఉన్నదనీ, అయితే దాన్ని తలకిందులు చేసి చూడవలసి ఉన్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

ముద్ర: రాజ్యద్వారం దగ్గరి వస్తువు

సరిహద్దు దాటడానికి అనుమతి చిహ్నం కావాలన్న భావన ఆధునిక రాజ్యంతో పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో ‘ముద్రాధ్యక్షుడు’ అనే అధికారి కనిపిస్తాడు. ఒక మాషకం రుసుము తీసుకుని ముద్ర ఇవ్వడం అతని పని. ముద్ర ఉన్నవాడే జనపదంలోకి రావాలి, జనపదం విడిచిపోవాలి. ముద్ర లేని స్వదేశీయునికి 12 పణాల దండన. దొంగముద్ర, అంటే కూటముద్ర, చూపినవాడికి పూర్వసాహసదండం. అతడు పరదేశీయుడైతే ఉత్తమసాహసదండం. ఒకే తప్పుకు పరదేశీయునికి పెద్ద శిక్ష అన్నది గమనించదగిన అంశం. ముద్రలను తనిఖీ చేసే బాధ్యత పచ్చికబయళ్లను చూసే వివీతాధ్యక్షునిది.

వ్యాసభారతం అరణ్యపర్వంలోని సౌభవధోపాఖ్యానంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది. సాల్వుడు ద్వారకను ముట్టడించినప్పుడు ముద్ర లేనివారెవరినీ నగరంలోకి రానివ్వలేదు, బయటికి పోనివ్వలేదు. అక్కడది యుద్ధకాలపు ఏర్పాటు; అర్థశాస్త్రంలో నిత్యపాలన. ముద్ర కలవానికి అర్థశాస్త్రం వాడిన మాట ‘సముద్రుడు’. సముద్రం దాటి బతుకుతెరువు వెతుక్కునే నేటి కార్మికుని తలచుకుని చదివితే ఈ యాదృచ్ఛిక శ్లేష మనసును పట్టి ఆపుతుంది.

ఈ రెండు చోట్లా ముద్ర ఒక వస్తువు. మనిషి వేరు, ముద్ర వేరు. దాన్ని ఇవ్వవచ్చు, పోగొట్టుకోవచ్చు, దొంగిలించవచ్చు, అనుకరించవచ్చు. ముద్రను కథాబీజంగా మలచుకున్న కవులందరికీ పనికివచ్చినది ఈ వేరుపాటే. సుందరకాండలో హనుమంతుడు సీతకు అంగుళీయకం ఇవ్వడం, ఆమె చూడామణిని ఇచ్చి పంపడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. రాముడు లేనిచోట రాముని ఉంగరం మాట్లాడుతుంది. వస్తువు మనిషికి బదులుగా ప్రయాణం చేస్తుంది.

ఇద్దరు శకుంతలలు

గుమ్మం దగ్గర నిరాకరణకు గురైన వ్యక్తి కథగా చదివితే, శకుంతల కథ మన సాహిత్యంలో రెండు ప్రధాన మార్గాలలో నడిచింది. నన్నయ ఆదిపర్వంలోని శకుంతలకు ఉంగరం లేదు, శాపం లేదు. దుష్యంతుడు ఆమెను మరచిపోలేదు. లోకాపవాదానికి వెరచి, ఎరిగి ఉండీ ఎరుగనన్నాడు. ఆమె ఆధారం వాక్కు. సత్యం గొప్పతనాన్ని చెబుతుంది, మనిషి చేసే పనులకు ప్రకృతి శక్తులే సాక్షులంటుంది, కొడుకు రూపంలో తండ్రిని చూడమంటుంది. చివరికి ఆకాశవాణి సాక్ష్యం చెబుతుంది. ఇక్కడ నిరాకరణ జ్ఞాపకంతో చేసిన నిరాకరణ. దాన్ని జయించేది సభలో బహిరంగంగా చేసిన వాదం.

కాళిదాసు మార్గం వేరు. దుర్వాసుని శాపం వల్ల రాజు మరచిపోతాడు. అభిజ్ఞానాభరణం చూపితే శాపం తీరుతుంది. ఆ ఉంగరం శచీతీర్థంలో జారిపోతుంది. పదిహేనో శతాబ్దిలో పిల్లలమర్రి పినవీరభద్రుడు ‘శృంగారశాకుంతలము’ రచిస్తూ భారతకథను, నాటకకథను కలుపుకున్నాడు. శాపం, ఉంగరం తెలుగు పాఠకుని మనసులో శకుంతల కథకు విడదీయరాని భాగాలు కావడానికి ఆ కావ్యమూ, నాటకానికి తెలుగులో వచ్చిన అనువాదాలూ తోడ్పడ్డాయి.

ఈ మార్గంలో రెండు అంశాలు మన చర్చకు ముఖ్యం. ఒకటి: శాపం ఇచ్చిన సంగతి శకుంతలకు తెలియదు. విన్నది అనసూయా ప్రియంవదలు. ఆమె మనసు నొచ్చుకుంటుందని వారు చెప్పలేదు. తనపై ఉన్న అభియోగమేమిటో, దాని విరుగుడు ఏమిటో తెలియకుండానే ఆమె రాజద్వారం చేరింది. రెండోది: రాజు కాదన్న తరువాత ఆమెను తోడ్కొని వచ్చినవారు తిరిగి తీసుకుపోలేదు. శార్ఙ్గరవుడు ఆమెను అక్కడే విడిచి వెళ్లాడు. అంతఃపురానికి చెందక, ఆశ్రమానికీ చెందక ఆమె నడుమ నిలిచిన ఆ కొన్ని క్షణాలు అయిదో అంకానికి ప్రాణం. నాటకం ఆమెను భూమ్మీద ఉంచలేకపోయింది. ఒక జ్యోతి వచ్చి ఎత్తుకుపోయింది.

ఖల్లివల్లి: తాను వినని శాపం

గల్ఫ్ దేశాలలో వలస కార్మికుని నివాసహక్కు కఫాలా పద్ధతిలో యజమానితో, అనగా కఫీల్‌తో, ముడిపడి ఉంటుంది. నివాస అనుమతి పత్రాన్ని మన కార్మికులు ‘అఖామా’ అంటారు. దాన్ని సకాలంలో పునరుద్ధరించవలసినది కఫీల్. కార్మికుడు పని విడిచి వెళ్లిపోయాడని యజమాని ఫిర్యాదు చేస్తే సౌదీలో దానికి ‘హురూబ్’ అని పేరు, పారిపోవడమని అర్థం. జీతం రాక బయటికి వచ్చినవాడు, దెబ్బలు తాళలేక వచ్చినవాడు, ఎక్కువ కూలి కోసం వచ్చినవాడు, అందరూ ఆ ఒక్క మాట కిందికే చేరతారు. ఇటీవలి సంస్కరణలు కొన్ని సడలింపులు తెచ్చినా, ఇంటిపనివారు, పశువుల కాపరులు ఆ సడలింపులకు చాలావరకు దూరంగానే ఉన్నారు.

దీనివల్ల ‘గడువు మీరడం’ అనే క్రియకు కర్త ఎవరన్న ప్రశ్న వస్తుంది. పర్యాటక వీసాపై వెళ్లి గడువు తీరినా ఉండిపోయినవాడు తెలిసి మీరినవాడు. అఖామా పునరుద్ధరణ కానివాని విషయంలో మీరింది అతని పేరుమీద నడిచే కాలం మాత్రమే. తనపై హురూబ్ నమోదైన సంగతి ఎంతో కాలానికి గాని తెలియని కార్మికుని స్థితి, శాపం వినని శకుంతల స్థితికి దగ్గరగా ఉంది. ఇద్దరి విషయంలోనూ తీర్పు ముందు వెలువడింది. అభియోగం తరువాత తెలిసింది.

ఇట్లా పత్రాలు లేని స్థితికి చేరినవారిని తెలుగు కార్మికులు ‘ఖల్లివల్లి’ అంటారు. అరబ్బీలో ఇది ‘పోనీ, వదిలెయ్’ అనే అర్థంలో వాడే నోటిమాట. మూలంలో విధ్యర్థక క్రియ. తెలుగులో అది ‘అగు’ ధాతువుతో చేరి మనిషి స్థితిని చెప్పే విశేషణమైంది: ‘ఖల్లివల్లి అయ్యాడు’, ‘ఖల్లివల్లిగా ఉన్నాడు’. ఎవరు ఎవరిని వదిలారన్నది ఈ ప్రయోగంలో స్పష్టం కాదు. యజమానిని కార్మికుడు వదిలాడా, కార్మికుణ్ణి చట్టం వదిలిందా అన్న సందిగ్ధతను ఆ పదం అట్లాగే నిలుపుకుంది. పత్రికాభాషలోని ‘అక్రమ నివాసి’ అన్న మాటలో ఈ సందిగ్ధత లేదు. దోషం ఎవరిదో ఆ సమాసమే తేల్చివేసింది. కార్మికులు సృష్టించుకున్న పదం న్యాయవిచారణకు తలుపు తెరచి ఉంచింది. భాషాపరిశోధకులు దీన్ని ఎరువుమాటగా జాబితాలో చేర్చి ఊరుకోరాదు.

వేలిముద్ర: గుర్తుపట్టి కాదనడం

తెలుగునేలపై వేలిముద్రకు ఒక పూర్వచరిత్ర ఉంది. అది అక్షరం రానివాని సంతకం, నిశాని. వడ్డీవ్యాపారి దగ్గర ప్రామిసరీ నోటుపై పడేది అదే. ఆ నోటుకూ గడువుంటుంది. గల్ఫ్‌కు పోయేవాని జీవితంలో రెండు గడువులు ఒకేసారి నడుస్తాయి: ఊళ్లో అప్పు గడువు, అక్కడ వీసా గడువు. మొదటిది తీరేలోగా రెండోది తీరిపోవడంతో ‘గడువు మీరడం’ మొదలవుతుంది.

సరిహద్దు యంత్రం ఈ నిశానిని మరో పనికి పెట్టింది. పంపివేతకు గురైనవారు కొత్త పేరుతో, కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ రాకుండా చూసేందుకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2001లోనే కంటిపాప చుట్టూ ఉండే పొర నమూనాను సరిపోల్చే పద్ధతిని సరిహద్దుల్లో ప్రవేశపెట్టింది. సౌదీలో పంపివేయబడినవాని వేలిముద్రకు ‘బస్మత్ మురహ్హల్’ అని ప్రత్యేకంగా పేరే ఉంది. ముద్ర ఇక వస్తువు కాదు. దాన్ని పోగొట్టుకోలేము, మరొకరికి ఇవ్వలేము. ఉంగరానికీ వేలికీ మధ్య ఉన్న ఎడం పోయింది. కాళిదాసు కథకు చోటిచ్చిన ఎడం అదే.

ఈ మార్పుతో అభిజ్ఞానం ఫలం తలకిందులైంది. దుష్యంతుడు మరచినందువల్ల శకుంతలను కాదన్నాడు. ఉంగరం చూడగానే గుర్తుకు వచ్చింది. గుర్తుకు రావడం స్వీకారానికి దారితీసింది. సరిహద్దు యంత్రం మరవదు కనుక కాదంటుంది. నన్నయ దుష్యంతుడు కూడా ఎరిగి ఉండే కాదన్నాడు కదా అనవచ్చు. నిజమే, ఆ పోలిక దగ్గరిది. అయితే నన్నయ శకుంతలకు సభ దొరికింది. వాదించడానికి కాలమూ, వినడానికి మనుషులూ ఉన్నారు. తెరపై వెలిగిన పాత నమోదుతో వాదించడానికి కార్మికునికి సభ లేదు. అఖామా ఎందుకు పునరుద్ధరణ కాలేదో ఆ నమోదులో ఉండదు. యంత్రానికి జ్ఞాపకం ఉంది, కథ తెలియదు.

శాపావసానం వంటిది ఇక్కడా ఉంది. దాన్ని తెలుగు పత్రికలు ‘క్షమాభిక్ష’ అంటాయి. 2017 మార్చి 29న సౌదీలో 90 రోజుల కార్యక్రమం మొదలైంది. ‘ఉల్లంఘనకారుడు లేని దేశం’ అన్నది దాని పేరుకు అర్థం. ఆ గడువులో స్వచ్ఛందంగా వెళ్లిపోయేవారికి జరిమానాలతో పాటు ‘పంపివేయబడినవాని వేలిముద్ర’ పర్యవసానాల నుంచి కూడా మినహాయింపు ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో కువైట్ అటువంటి అవకాశమిచ్చి, జరిమానా లేకుండా, విమానఖర్చు కూడా తానే భరించి పంపింది. తరువాత చట్టబద్ధంగా తిరిగి రావచ్చునంది. 2024లో ఎమిరేట్స్ ఇచ్చిన అవకాశం సెప్టెంబరులో మొదలై ఏడాది చివరివరకు సాగింది. వీటిలో కార్మికునికి దక్కేది ముద్ర పడకుండా వెళ్లిపోయే వీలు. ఇంతకు ముందు చెప్పిన సందిగ్ధతను ‘క్షమాభిక్ష’ అన్న మాట పూర్తిగా చెరిపివేస్తుంది. క్షమ అనగానే అపరాధం రుజువైనట్లే. భిక్ష అనగానే చేయి చాచినట్లే. ఆ క్షమకు కూడా గడువుంది. అది తెలియక ఆగినవాని వేలికి ముద్ర పడుతుంది.

ముద్ర పడినవాడు ఏమి చేస్తాడు? 2022 ఆగస్టు చివర రాచకొండ పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. వారిలో వైద్యరంగ సాంకేతిక సిబ్బంది కూడా ఉన్నారు. కువైట్ నుంచి పంపివేతకు గురై మళ్లీ వెళ్లదలచినవారి వేలికొనల చర్మాన్ని కోసి, కొంత కణజాలం తీసి, కుట్లు వేసి రేఖలను మార్చారన్నది అభియోగం. ఒక్కొక్కరి దగ్గర 25,000 రూపాయలు తీసుకున్నారని, మారిన రేఖలు ఏడాది వరకే నిలుస్తాయని పోలీసులు చెప్పారు. నిందితులలో కడప ప్రాంతం వారుండటం కువైట్ వలసతో ఆ సీమకున్న సంబంధాన్ని ఎరిగినవారికి వింత కాదు.

నేరవార్తగా దీని సంగతి న్యాయస్థానం చూసుకుంటుంది. సాహిత్య విద్యార్థికి ఇందులో వేరొక ప్రశ్న ఉంది. కౌటిల్యుడు కూటముద్రను శిక్షించాడు. తన వేలే తన ముద్ర అయినప్పుడు, ఆ వేలిని కోసుకున్నవాడు ఎవరి ముద్రను అనుకరించినట్లు? అతడు మరొకరిగా మారదలచుకోలేదు. తన గతం లేని తానుగా మారదలచుకున్నాడు. కుట్లు మానాక చర్మం క్రమంగా పాత రేఖలనే మళ్లీ తెచ్చుకుంటుంది. శకుంతల పోగొట్టుకోకూడని ముద్రను పోగొట్టుకుంది. ఇతడు పోగొట్టుకోదలచిన ముద్రను పోగొట్టుకోలేడు.

ఒక ఆక్షేపం: జాలరి సంగతి

రాజర్షి కూతురు, చక్రవర్తి తల్లి అయిన శకుంతలతో కూలివానికి పోలికేమిటని ఆక్షేపించవచ్చు. ఆమెకు అప్సరస తల్లి ఉంది, ఆకాశవాణి ఉంది, మారీచాశ్రమం ఉంది. ఆక్షేపం సమంజసమే. జవాబు అదే నాటకం ఆరో అంకపు ప్రవేశకంలో ఉంది. చేప కడుపులో దొరికిన ఉంగరాన్ని అమ్మజూపిన జాలరిని రక్షకభటులు కట్టి తెస్తారు. రాజముద్ర గల వస్తువు బీదవాని చేతిలో కనిపిస్తే అది దొంగతనానికే రుజువు. అతని కులవృత్తిని ఎగతాళి చేస్తారు. చంపడానికి ఉబలాటపడతారు. రాజు ఉంగరం విలువకు సమానమైన బహుమతి పంపిన తరువాత, ఆ జాలరి అందులో సగం భటులకే ఇస్తాడు.

ఒకే ముద్ర ఒకరికి రాణిపదవికి ఆధారం, మరొకరికి మరణశిక్షకు కారణం కాబోయింది. ముద్ర స్వతహాగా ఏమీ చెప్పదు. అది ఎవరి చేతిలో ఉందో చూసి అధికారం దానికి అర్థం కల్పిస్తుంది. శకుంతల కథను సరిహద్దు కథగా చదవదలచినవారికి నాయిక కంటే ఈ జాలరి సన్నిహితుడు. ఈ ప్రవేశకాన్ని హాస్యఘట్టంగా పేర్కొని ముందుకు సాగే మన అలవాటును ఇప్పుడైనా సవరించుకోవాలి.

తిరిగిరాక ముగింపా?

గల్ఫ్ వలసపై భారతీయ భాషల్లో బహుళ ప్రచారం పొందిన నవల మలయాళంలో 2008లో వెలువడిన బెన్యామిన్ ‘ఆడుజీవితం’. ఎడారిలో మేకల కాపరిగా బందీ అయిన నజీబ్ కథ అది. నవల మొదట్లోనే నజీబ్, హమీద్ రియాద్ బత్‌హా పోలీసుస్టేషన్ ముందు తమను ఎవరైనా అరెస్టు చేయకపోతారా అని తిరుగుతుంటారు. బందిఖానాయే ఇంటిదారి కావడం ఈ నవలలోని మొదటి విపర్యయం.

రెండోది జైలులో జరిగే గుర్తింపు కవాతు. పారిపోయిన తమ పనివారిని గుర్తుపట్టి తీసుకుపోవడానికి యజమానులు వస్తారు. హమీద్‌ను అతని యజమాని గుర్తుపట్టి ఈడ్చుకుపోతాడు. నజీబ్ యజమాని కూడా వస్తాడు, నజీబ్ ముందు ఆగుతాడు, ఏమీ అనక వెళ్లిపోతాడు. నజీబ్ తన వీసా మీద వచ్చినవాడు కాడు, లేకుంటే ఈడ్చుకుపోయేవాణ్ణన్న అతని మాట తరువాత తెలుస్తుంది. అభిజ్ఞాన ఘట్టంగా చూస్తే ఇది అసాధారణమైన రచన. గుర్తుపట్టకుండా ఉండమని పాత్ర కోరుకుంటుంది. గుర్తుపట్టినా పత్రం లేనందువల్ల విడుదల దొరుకుతుంది. శకుంతలను గుర్తు లేకపోవడం ముంచింది. నజీబ్‌ను పత్రం లేకపోవడం కాపాడింది.

ఇంత సూక్ష్మంగా విపర్యయాన్ని పట్టుకున్న నవల కూడా విమానం దగ్గర ఆగుతుంది. పంపివేతకు గురైనవారి వరుసను కథకుడు మేకలమందతో పోల్చుకుంటాడు; కథ అక్కడికి పూర్తవుతుంది. బందిఖానా నుంచి బయటపడిన మనిషికి అది న్యాయమైన ముగింపే. అయితే పంపివేతలో పడిన వేలిముద్ర, చేసిన అప్పు, మళ్లీ బయలుదేరక తప్పని స్థితి ఆ ముగింపు తరువాతివి. వాటిని రాయలేదని నవలను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ ముగింపునే ప్రమాణంగా తీసుకుని వలస రచనలన్నింటినీ చదివితే, ఇంటికి చేరడమే విముక్తి అనే సూత్రం విమర్శలో స్థిరపడుతుంది. ఇంటికి చేరి కూడా విడుదల పొందనివాని కథ అప్పుడు అనవసరమైన కొనసాగింపుగా కనిపిస్తుంది.

శార్ఙ్గరవుడు విడిచివెళ్లిన క్షణం ఇక్కడ మళ్లీ గుర్తుకు రావాలి. ద్వారం దగ్గర కాదన్నారు కనుక పుట్టిల్లు ఉన్నదిలే అని నాటకం సరిపెట్టుకోలేదు. వెనక్కి పంపబడిన కార్మికుని విషయంలో మనం ఆ మాట అనుకుని సరిపెట్టుకుంటున్నాం.

ఉపసంహారం

గల్ఫ్ వలస సాహిత్యాన్ని విరహకథగా చదివినప్పుడు నాయకుడు దూరంగా ఉన్నవాడు, నాయిక ఎదురుచూసేది. అభిజ్ఞానకథగా చదివినప్పుడు కేంద్రంలోకి వచ్చేది ద్వారం, ద్వారం దగ్గర అడిగే గుర్తు, ఆ గుర్తుకు అర్థం చెప్పే అధికారం. ఈ రెండో పఠనంలో మూడు విషయాలు స్పష్టపడతాయి. గడువు మీరడం ఎల్లప్పుడూ మీరినవాని చర్య కాదు. ముద్ర వస్తువుగా ఉన్నంతకాలం కథకు మలుపు సాధ్యం. ముద్ర శరీరమైనప్పుడు ఆ మలుపు మూసుకుపోతుంది. తిరిగిరాక ముగింపు కానక్కరలేదు.

‘అఖామా’, ‘హురూబ్’, ‘ఖల్లివల్లి’ వంటి మాటలు రాయలసీమ, గోదావరి, ఉత్తర తెలంగాణ పల్లెల వాడుకలో జీవిస్తున్నాయి. వీటితోపాటు వాటిని పలికేవారి కథనాలను కూడా సేకరించడం తెలుగు శాఖల పరిశోధన ప్రణాళికలో చేరవలసిన పని. విమానం దిగగానే ప్రశ్నలు ఆపివేసే ప్రశ్నావళి ఇందుకు చాలదు. మళ్లీ వెళ్లారా, వెళితే ఏమైంది, యంత్రం మీద వేలు పెట్టినప్పుడు ఏమి చెప్పదలచారు, ఎవరు విన్నారు అని కూడా అడగాలి. నన్నయ శకుంతలకు దొరికిన సభ వారికి సరిహద్దు దగ్గర దొరకలేదు. కనీసం సాహిత్య పరిశోధనలోనైనా అది దొరకాలి.